పద్నాలుగో వారం తర్వాత

అండమాన్ తెలుగు తల్లికి కాన్పు డబ్బు అందుతుంది. బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చెప్పే మనిషి ఆ డబ్బుతో పాటు గుమ్మం ఎక్కాలి.

తెల్లవారుజామున పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర నిలబడితే చెవిన పడేది తెలుగే. పడవల్లోంచి చేపలు దింపేవాళ్లు, గంపలకెత్తేవాళ్లు, ధర దగ్గర పట్టుబట్టేవాళ్లు, అందరి మాటలోనూ శ్రీకాకుళం, విశాఖ తీరాల యాస. 2024 సెప్టెంబరులో ఈ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, జనం నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ఉన్నది 3.8 లక్షల మంది. వాళ్లలో నూటికి 13 మందికి పైగా తెలుగును మాతృభాషగా రాయించుకున్నారు. అంటే 50 వేల పైచిలుకు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే.

ఈ వీధుల్లో ఒక తల్లిని ఊహించుకుందాం. సోంపేట పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చింది. తొలి కాన్పు. ఆనవాయితీ ప్రకారం పురుడు పుట్టింట్లో పోసుకోవాలి. పుట్టిల్లు సముద్రానికి అవతల, 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడలో అయితే మూడు రోజులు. విమానం టికెట్టు ధర అడిగి ఊరుకోవడమే. అమ్మ రాలేదు, తను వెళ్లలేదు. మొగుడు వేటకు పోతే రెండు మూడు రోజులకు గానీ ఇంటికి రాడు. చంటిబిడ్డకు కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం, ఉగ్గు పెట్టడం, తారంగం ఆడించడం, బిడ్డ ఉంగా కొడితే తిరిగి ఊకొట్టడం, ఇవన్నీ మన ఇళ్లల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు, పెద్దమ్మలు చేస్తుంటే చూసి నేర్చుకున్న పనులు. ఎవరూ పాఠంగా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. వలస పోయిన ఇంట్లో ఆ చూసి నేర్చుకోవడం తెగిపోతుంది.

ఆ తల్లికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి బిడ్డకు ₹5,000. మొదటి విడత ₹3,000 గర్భిణిగా పేరు నమోదై, ఒక పరీక్ష అయ్యాక వస్తుంది. మిగతా ₹2,000 రావాలంటే బిడ్డ పుట్టుక నమోదు కావాలి, 14 వారాలకు వేసే టీకాలు పూర్తి కావాలి. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ₹6,000 ఒకేసారి వేస్తారు. డబ్బు నేరుగా తల్లి ఖాతాలోకి వెళ్తుంది, మధ్యవర్తి ఉండడు. మంచి పథకమే. కానీ 14వ వారం టీకాతో ఆ తల్లికీ ఆ పథకానికీ సంబంధం తీరిపోతుంది. బిడ్డకు అప్పటికి మూడున్నర నెలలు. మెడ నిలబడుతూ ఉంటుంది. పిలిస్తే తల తిప్పుతుంది. ఎవరైనా తనతో మాట్లాడితే మొహం వెలుగుతుంది. మెదడు పెరుగుదలలో అసలు పని ఊపందుకునే వేళకి డబ్బు ఆగిపోతుంది.

నా ఫిర్యాదు అదే. అంకె చిన్నదన్న ఫిర్యాదు కూడా ఉంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ, బాలింతకీ ₹6,000కు తగ్గకుండా ఇవ్వాలంది. మాతృ వందన డబ్బుకు ఆసుపత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష డబ్బు కలిపితే సగటున ఆ ₹6,000 అవుతుందని ప్రభుత్వం లెక్క చూపిస్తోంది. ఈ పదేళ్లలో గుడ్డు ధర ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడండి. కూరగాయల దగ్గర్నుంచి పప్పుల దాకా చాలా సరుకు ఓడ దిగి రావాల్సిన దీవుల్లో ఆ ₹6,000 మరీ త్వరగా కరిగిపోతుంది. అయినా అంకె కంటే పెద్ద లోపం, ఆ డబ్బు ఒంటరిగా రావడం.

కింగ్‌స్టన్ వాడల్లో ఒక గంట

డబ్బు, తిండి, ఆట, ఈ మూడింట్లో బిడ్డ బుర్రకు ఏది ఎంత పనికొస్తుందన్న ప్రశ్నకు పేరుమోసిన జవాబు ఇంకో దీవి నుంచి వచ్చింది. 1980ల చివర్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్, ఆమె సహచరులు వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసివాళ్లను ఎంచుకున్నారు. వాళ్ల వయసు 9 నుంచి 24 నెలలు. కొందరికి వారం వారం పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్లకు వారానికి ఒకసారి ఆరోగ్య కార్యకర్త వెళ్లి ఒక గంట కూర్చుంది. కొందరికి రెండూ అందాయి. కొందరికి ఏదీ లేదు. రెండేళ్లు ఇలా సాగింది.

ఆ గంటలో ఆమె చేసిన పని చూడటానికి ఏముంది? ఖాళీ సీసాలో గింజలు పోసి గిలకలా ఆడించేది. అట్టముక్కలు కోసి బొమ్మల పుస్తకం కుట్టేది. బిడ్డతో తను ఆడటం కాదు, తల్లి ఆడేలా చేసేది. తల్లి చేసిన ప్రతి చిన్న పనినీ మెచ్చుకునేది. బొమ్మను ఆ ఇంట్లో వదిలి, మరుసటి వారం కొత్తది తెచ్చి పాతది పట్టుకెళ్లేది. ఇంతే. ఆ పిల్లలు ఇరవై రెండేళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకుని లెక్కలు తీస్తే, ఆట అందిన వాళ్ల సంపాదన అందని వాళ్లకంటే 25 శాతం ఎక్కువగా ఉంది. ఎదుగుదల లోపం లేని పిల్లల స్థాయిని వాళ్లు అందుకున్నారు. ఈ ఫలితం 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పాలపొడి మాత్రమే అందిన వాళ్లలో అంత దూరం నిలిచిన లాభం కనపడలేదు.

దీన్ని చదివి తిండి అక్కర్లేదని ఎవరైనా అంటే అది పాపం. ఆకలితో ఉన్న బిడ్డ ఆడదు. చెప్పేదల్లా, కడుపు నింపడంతో పని సగమే అయిందని.

నల్లగొండలో మన వాళ్లు చేసిన పని

ఇంత దూరం పోనక్కర్లేదు కూడా. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు షహనాజ్ వజీర్, సిల్వియా ఫెర్నాండెజ్ రావు తదితరులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నల్లగొండ జిల్లాలో 60 గ్రామాలను మూడు వరసలుగా విడగొట్టారు. ఒక వరసలో మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో వరసలో, ఆరో నెల దాటాక పాలతో పాటు ఏం పెట్టాలి, ఎంత చిక్కగా పెట్టాలి అన్నది గ్రామంలోని స్త్రీలే ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. మూడో వరసలో అది చెబుతూనే, బిడ్డ ఆకలి సైగలు గుర్తుపట్టడం, బలవంతంగా నోట్లో కుక్కకుండా కబుర్లు చెబుతూ తినిపించడం, ఆటవస్తువులతో ఆడించడం నేర్పారు. మూడు నెలల బిడ్డ పదిహేనో నెలకు వచ్చేదాకా ఇది నడిచింది. 2013లో వెలువడిన ఆ ఫలితాల్లో మానసిక వికాసం మెరుగుపడింది మూడో వరస పిల్లల్లో. గోరుముద్ద ఒక్కటే కాదు, గోరుముద్దతో పాటు చెప్పే కబురు కూడా లెక్కలోకి వస్తుందని మన నల్లగొండ తల్లులు రుజువు చేశారు. ఈ ఫలితం మన బడులలో పాఠం కాలేదు, మన పథకాల్లో గీత కాలేదు. అందుకు బాధగా ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాలూ తల్లులకు డబ్బివ్వడంలో వెనకబడలేదు. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ ఆడపిల్లకు ₹13,000, మగపిల్లాడికి ₹12,000 ఇచ్చింది. చివరి విడత తొమ్మిదో నెల తట్టు టీకాతో ముడిపడింది. అంటే మాతృ వందన కంటే అయిదారు నెలలు ముందుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి, దాని తర్వాత వచ్చిన తల్లికి వందనం, రెండూ బడికెళ్లే పిల్లల తల్లులకు. మధ్యలో ఒకటో ఏడు నుంచి ఐదో ఏడు దాకా నగదు పరంగా ఖాళీ. మూడేళ్లలోపే మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో నూటికి 80 వంతుల దాకా చేరుతుందని శాస్త్రం చెబుతోంది. మన డబ్బు మాత్రం ఆ మూడేళ్లనీ దాటి బడి గేటు దగ్గర నిలబడి ఉంది.

రెండూ కలిసిన చోట

నగదునూ పెంపకం సాయాన్నీ ఒకే దారిలో నడిపిన దేశాలున్నాయి. కొలంబియాలో ‘ఫమిలియాస్ ఎన్ అక్సియోన్’ అనే నగదు పథకం ఉండేది. డబ్బు తీసుకునే తల్లులు తమలో కొందరిని నాయకురాళ్లుగా ఎన్నుకునేవాళ్లు. 96 పట్టణాల్లో ఆ నాయకురాళ్లకే జమైకా పద్ధతి నేర్పి, ఏడాదిన్నర పాటు వారానికోసారి ఇళ్లకు పంపారు. పిల్లల గ్రహణశక్తి చెప్పుకోదగ్గంతగా పెరిగింది. అదే ప్రయోగంలో సూక్ష్మపోషకాల పొడి ఇచ్చిన వాళ్లలో ఆ తేడా లేదు. ఇందులో ఇంకో నిజం కూడా చెప్పాలి. ఇళ్లకు వెళ్లడం ఆపేసిన రెండేళ్లకు చూస్తే ఆ లాభం నిలవలేదు. మొక్కకు ఏడాదిన్నర నీళ్లు పోసి మానేస్తే ఏమవుతుందో అదే అయింది. పద్ధతి తప్పని దీనికి అర్థం కాదు. ఆ తర్వాత మంచి అంగన్‌వాడీ, మంచి బడి దాన్ని అందుకోవాలని అర్థం.

మెక్సికో అనుభవం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. అక్కడ తల్లిదండ్రులను గుంపుగా కూర్చోబెట్టి నేర్పే కార్యక్రమం ఒకటి, ‘ప్రాస్పెరా’ అనే నగదు పథకం ఒకటి, రెండూ వేర్వేరు శాఖల కింద ఉండేవి. పెంపకం తరగతులు ఉన్న ఊళ్లన్నిటిలో ఫలితం రాలేదు. నగదు పథకం వాళ్లు పూనుకుని, తల్లుల్ని ఆ తరగతులకు వెళ్లమని వెంటబడి ప్రోత్సహించిన ఊళ్లలోనే పిల్లల వికాసంలో తేడా కనిపించింది. రెండు శాఖలు ఒకే తల్లి దగ్గరికి విడివిడిగా వెళ్లడం వేరు, కలిసి వెళ్లడం వేరు.

ఉత్త డబ్బుకు పరిమితి ఎక్కడో అమెరికాలో పరీక్షించారు. 2018 నుంచి నాలుగు ప్రాంతాల్లో వెయ్యిమంది పేద బాలింతల్ని చేర్చుకుని, కొందరికి నెలకు 333 డాలర్లు, మిగతావారికి 20 డాలర్లు ఇచ్చారు. ఏ షరతూ లేదు, ఏ సలహా లేదు. పిల్లలకు నాలుగేళ్లు వచ్చాక కొలిస్తే భాషలో, బుద్ధి వికాసంలో రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. పేద తల్లికి డబ్బిస్తే దుబారా అని వాదించేవాళ్లకు ఇది అస్త్రం కాకూడదు. ఆ తల్లి అద్దె కట్టుకోవడం, బిడ్డకు బట్టలు కొనడం వాటికవే మంచివి. కాకపోతే డబ్బుతో ఊపిరి సలిపిన ఆ తల్లికి, ఆ ఊపిరిని బిడ్డ వైపు తిప్పుకునే దారి ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించాలి.

తుహెత్ విడిపోయినప్పుడు

డబ్బు ఒంటరిగా వస్తే ఏమవుతుందో అండమాన్ నికోబార్ దీవులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అధికారిక లెక్కల్లోనే మరణించినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి 3,500 మందికి పైగా. వాళ్లలో అత్యధికులు నికోబార్ దీవుల వాళ్లే.

నికోబారీల్లో ‘తుహెత్’ అని ఉంటుంది. మన పాతకాలపు ఉమ్మడి కుటుంబానికి పెద్దక్క అనుకోండి. కొబ్బరితోటలు, పందులు, భూమి అన్నీ తుహెత్‌వి. పిల్లలూ తుహెత్ పిల్లలే. కన్నతల్లి తోటకు వెళ్తే బిడ్డ ఇంకో ఒడిలో ఉంటుంది. సునామీ తర్వాత పరిహారం పంచే అధికారులకు భార్య, భర్త, పిల్లలు ఉన్న చిన్న కుటుంబమే లెక్క. డబ్బు విడివిడి ఖాతాల్లో పడింది. ఇళ్లు విడివిడిగా కట్టారు. సునామీకి ముందు నుంచీ ఆ దీవుల్లో పరిశోధన చేస్తున్న సిమ్రన్ జిత్ సింగ్ వంటి వారు ఆ తర్వాత జరిగింది రాశారు. అంతకు ముందు పెద్దగా నగదుతో పనిలేకుండా బతికిన మనుషుల చేతికి ఒక్కసారిగా పెద్ద మొత్తాలు వచ్చాయి. మోటారుసైకిళ్లు, టీవీలు, మద్యం వచ్చాయి. తుహెత్ బలహీనపడింది. ఇచ్చినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. ప్రాణాలు తప్ప అన్నీ పోగొట్టుకున్న మనుషులకు పరిహారం ఇవ్వకపోతే అది అన్యాయమయ్యేది. కానీ బిడ్డను పట్టుకుని ఉన్న పది చేతుల్ని చూడకుండా రెండు చేతులకే డబ్బు లెక్కగట్టారు.

జంగ్లీఘాట్ తల్లి కథా అంతే, కాకపోతే తిరగబడి ఉంది. ఆమె తుహెత్ సోంపేటలో ఉండిపోయింది.

గుమ్మం దాకా వచ్చే మనిషి ఉన్నారు

కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త ఉద్యోగాలు కూడా అక్కర్లేదు. 2018లో కేంద్రం చిన్నపిల్లల గృహ ఆధారిత సంరక్షణ అని ఒక కార్యక్రమం పెట్టింది. బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలి. అంగన్‌వాడీ కార్యకర్త సహకరించాలి. తల్లీబిడ్డ సంరక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంది. ఆ బొమ్మలు చూపిస్తూ తల్లితో మాట్లాడాలి. అయిదు సందర్శనలకూ కలిపి ఆశాకు ఇచ్చేది ₹250. ఒక్కో సందర్శనకు యాభై రూపాయలు. ఆటోలో వెళ్లొస్తే ఆ యాభైలో ఏం మిగులుతుందో ఆ శాఖల పెద్దలు ఒకసారి లెక్క వేసుకోవాలి. 2024 మార్చిలో మహిళా శిశు అభివృద్ధి శాఖ పుట్టుక నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో నెలనెలా ఏం ఆడించాలో ‘నవచేతన’ అనే పేరుతో 36 నెలల క్యాలెండర్ విడుదల చేసింది. పద్ధతి ఉంది, పుస్తకం ఉంది, మనిషి ఉంది.

కానీ తేదీలు చూడండి. మాతృ వందన డబ్బు 14 వారాల టీకాతో అయిపోతుంది. ఆశా సందర్శనల్లో మొదటిది మూడో నెల. మిగతా నాలుగూ డబ్బు ఆగిపోయాక వస్తాయి. డబ్బు వస్తుందంటే తల్లి కార్డు వెతికి పెట్టుకుంటుంది, ఖాతా సరిచూసుకుంటుంది, ఎదురుచూస్తుంది. డబ్బు లేని సందర్శన కోసం ఎవరు ఎదురుచూస్తారు? వచ్చిన మనిషి కూడా రిజిస్టరులో టిక్కు పెట్టుకుని వెళ్లిపోవచ్చు. ఒకే బిడ్డ కోసం పెట్టిన ఈ రెండు పథకాలు ఒకదాన్నొకటి దాటుకుని పోతున్నాయి.

రెండో విడతను కాస్త పెంచి, ఆరు, పన్నెండు, పదిహేను నెలల సందర్శనలకు పంచితే చాలు. షరతుగా కాదు. సందర్శన జరగలేదని పేద తల్లి డబ్బు ఆపకూడదు, ఎందుకంటే రాకపోవడం ఆమె తప్పు కాదు. డబ్బు పడే వారమే ఆశా ఇంటికి వెళ్లేలా తేదీలు కలపాలి, అంతే. ఆశాకు యాభై బదులు గౌరవంగా చెప్పుకోగలిగిన మొత్తం ఇవ్వాలి. 2018 నుంచి అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు ₹4,500. ఒక తరం బుద్ధిని వాళ్ల చేతిలో పెట్టి మనం ఇస్తున్నది ఇంతే.

అండమాన్‌లో దీన్ని మొదలుపెట్టడానికి కారణాలున్నాయి. జనాభా తక్కువ. మూడే జిల్లాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఇక్కడ సుమారు 22 శాతం. దేశం మొత్తం మీద 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. అంటే కడుపు నింపే పని ఇక్కడ కాస్త ముందుంది, ఆట నేర్పే పనికి నేల సిద్ధంగా ఉంది. ఇబ్బందులూ ఉన్నాయి. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి సొంత శాసనసభ లేదు. ఒడిశా ‘మమత’ పథకం పెట్టుకున్నట్టో, తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ₹18,000 ఇస్తున్నట్టో ఇక్కడి ప్రజాప్రతినిధులు సభలో కూర్చుని తీర్మానించుకోలేరు. లెఫ్టినెంట్ గవర్నర్ పాలనా యంత్రాంగమో, ఢిల్లీయో పూనుకోవాలి.

ఇంకోటి భాష. బజారులో, ఆసుపత్రిలో హిందీ సరిపోతుంది. చంటిబిడ్డతో మాట్లాడటానికి సరిపోదు. ‘గుంటడు నవ్వుతున్నాడు చూడు’ అని తల్లి ఏ యాసలో మురిసిపోతుందో, వచ్చిన కార్యకర్త ఆ యాసలోనే ‘ఇంకోసారి పిలువమ్మా, నీ గొంతుకే తిరుగుతాడు’ అనాలి. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం ఉంది. ఆ మర్యాద ఒకటో తరగతి దాకా ఆగకుండా మూడో నెల బిడ్డకూ దక్కాలి. జంగ్లీఘాట్‌లో, తెలుగువాళ్లున్న ఇతర వాడల్లో, డిగ్లీపూర్ వైపు పల్లెల్లో నవచేతన క్యాలెండర్ తెలుగులో అందాలి. నికోబార్‌లో నికోబారీలో అందాలి. అక్కడ తల్లి ఒక్కతినే కూర్చోబెట్టి చెప్పడం కాకుండా, మిగిలిన తుహెత్‌ను, అమ్మమ్మల్ని, మేనమామల్ని కూర్చోబెట్టి చెప్పాలి. ఒడిశా పల్లెల్లో ఇల్లిల్లూ తిరగడానికి బదులు తల్లుల్ని గుంపుగా కలిపి నేర్పినా పిల్లల్లో దాదాపు అంతే ఫలితం, తక్కువ ఖర్చుతో వచ్చింది. నికోబారీలకు అదే సహజం. మనకూ ఒకప్పుడు అదే సహజం.

పోర్ట్ బ్లెయిర్ తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఉగాదికి, సంక్రాంతికి మీరు జనాన్ని పిలుస్తారు, జనం వస్తారు. ఈసారి ఏడాదిలోపు పిల్లలున్న తల్లుల్ని కార్డులు తెమ్మని పిలవండి. ఆరో నెల సందర్శన జరిగిందా, తొమ్మిదో నెలది జరిగిందా అని ఒక్కొక్క కార్డూ చూడండి. జరగనివి ఎన్నో రాసి, సంతకాలు పెట్టించి, ఆరోగ్య శాఖకూ సాంఘిక సంక్షేమ శాఖకూ ఒకే కాగితం మీద ఇవ్వండి. మీ వాడలో మనవలు పెద్దవాళ్లయిపోయి ఖాళీగా ఉన్న నాయనమ్మ ఎవరైనా ఉంటే, వారానికి ఒక్క గంట పక్కింటి పసిదాని దగ్గర కూర్చోమని అడగండి.